స్కాచ్ కథ – 9వ భాగం: బోనెక్కిన మొక్కజొన్న

1905 నవంబరు. ఉత్తర లండన్ పోలీసు కోర్టులో ఇద్దరు మద్యం వ్యాపారుల మీద విచారణ మొదలైంది. కేసు పెట్టింది ఇస్లింగ్టన్ బరో కౌన్సిల్. విస్కీ అడిగినవాడికి విస్కీ కానిది అంటగట్టారని అభియోగం. 1875 నాటి ఆహార, ఔషధ విక్రయ చట్టం ప్రకారం, కొనేవాడు అడిగిన సరుకు స్వభావం, సారం, నాణ్యత లేని సరుకును అమ్మడం నేరం. పాలలో నీళ్లు పోసేవాళ్ల పని పట్టడానికి పనికొచ్చే చట్టమది. అదే చట్టంతో బ్రాందీ అమ్మేవాళ్ల మీదకు వెళ్లి గెలిచిన ఉత్సాహంలో కౌన్సిల్ ఇప్పుడు విస్కీ మీదకు వచ్చింది.

ఆ సీసాల్లో ఉన్నది దొంగసరుకు కాదు. లైసెన్సు ఉన్న డిస్టిలరీల్లో, ప్రభుత్వానికి సుంకం కట్టి, ధాన్యం నుంచి తీసిన మద్యమే. అయితే అందులో చాలా భాగం రాగి పాట్ స్టిల్‌లో కాచినది కాదు. పేటెంట్ స్టిల్ అనే పొడవాటి యంత్రంలో, ఎక్కువగా మొక్కజొన్నతో తీసినది. ఆ రోజుల్లో బ్రిటన్‌లో అమ్ముడయ్యే విస్కీలో అధిక భాగం సరిగ్గా ఇలాంటిదే. కాబట్టి విచారణకు నిలబడ్డది ఇద్దరు దుకాణదారులైనా, తేలాల్సింది మొత్తం స్కాచ్ పరిశ్రమ భవితవ్యం.

ఈ ధారావాహికలో ఇప్పటిదాకా మాల్ట్ గురించే ఎక్కువగా చెప్పుకున్నాం. ఈ భాగం గ్రెయిన్ విస్కీది. నూట అరవై ఏళ్లకు పైగా స్కాచ్‌ను మోస్తూ, తన పేరు మాత్రం సీసా మీద కనిపించని విస్కీ ఇది. దీన్ని చవక సరుకని, పసలేని సారా అని తీసిపారేసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ మాట తప్పని నా గట్టి నమ్మకం. అది ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఎందుకు తప్పో కూడా తెలుస్తుంది.

ముందు ఒక చిన్న స్పష్టత. సింగిల్ గ్రెయిన్ అంటే ఒకే రకం ధాన్యంతో చేసినదని చాలామంది పొరబడతారు. ఆ ‘సింగిల్’ డిస్టిలరీకి చెందిన మాట. ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీకి తోడు గోధుమో, మొక్కజొన్నో, రై ధాన్యమో వాడి తీసిన విస్కీ సింగిల్ గ్రెయిన్. వేర్వేరు డిస్టిలరీల గ్రెయిన్‌లను కలిపితే అది బ్లెండెడ్ గ్రెయిన్. గ్రెయిన్‌నూ మాల్ట్‌నూ కలిపితే మనందరికీ తెలిసిన బ్లెండెడ్ స్కాచ్.

ఇక అసలు కథకు ఫోర్త్ నది ఒడ్డుకు వెళ్లాలి. 18వ శతాబ్దం చివర క్లాక్‌మనన్ ప్రాంతంలో స్టెయిన్ కుటుంబానికి కిల్‌బేగీ, కెన్నెట్‌పాన్స్ అనే రెండు డిస్టిలరీలుండేవి. అప్పటి స్కాట్లండ్‌లో అవి చాలా పెద్దవి. హేగ్ కుటుంబంతో వాళ్లు వియ్యమందారు. ఈ రెండు కుటుంబాలు తీసిన సారాలో చాలా భాగం ఓడలెక్కి లండన్ చేరేది. అక్కడ దాన్ని మళ్లీ శుద్ధి చేసి, జూనిపర్ కాయల వాసన పట్టించి జిన్‌గా అమ్మేవారు. లండన్ డిస్టిలర్లకు ఇది కంటగింపైంది. వాళ్ల ఒత్తిడితో 1788లో ఒక చట్టం వచ్చింది. స్కాట్లండ్ నుంచి ఇంగ్లండ్‌కు సారా పంపాలంటే పన్నెండు నెలల ముందే నోటీసు ఇవ్వాలి. అంటే ఏడాది పాటు ఎగుమతి లేనట్టే. స్టెయిన్లు, హేగ్‌లు దివాలా తీశారు. తర్వాత మళ్లీ లేచి నిలబడ్డారు గానీ ఆ దెబ్బ మామూలుది కాదు.

అదే కాలంలో లోలాండ్స్‌లో పన్నును బట్టీ పరిమాణాన్ని బట్టి వసూలు చేసేవారు. ఏడాదికి ఎన్ని వాయిలు దించినా బట్టీకి కట్టే రుసుము ఒక్కటే. ప్రభుత్వం ఆ రుసుమును పెంచుకుంటూ పోయింది. డిస్టిలర్లు వేగాన్ని పెంచుకుంటూ పోయారు. బట్టీలు లోతు తగ్గి, అడుగు వెడల్పై, పళ్లెం ఆకారానికి వచ్చాయి. శతాబ్దం ముగిసేసరికి ఒక వాయి కాచి దించడం మూడు నిమిషాల లోపే అయిపోయేదని నాటి పార్లమెంటు విచారణల్లో నమోదైంది. అంత హడావుడిగా దించిన సారా రుచి ఎలా ఉంటుంది? మాడు వాసన, గొంతు మంట. హైలాండ్స్ దొంగ బట్టీల్లో తీరిగ్గా కాచిన సరుకు కోసం ఎడిన్‌బరో పెద్దమనుషులు ఎందుకు ఎగబడ్డారో గత భాగంలో చూశాం. లోలాండ్స్ ధాన్యపు విస్కీ అంటే నాసిరకమనే ముద్ర ఇక్కడే పడింది. తప్పు ధాన్యానిది కాదు, పన్ను వేసిన తీరుది. తర్వాత పద్ధతి మారింది, యంత్రాలు మారాయి, రుచి మారింది. ముద్ర మాత్రం చెరగలేదు.

వాయిలను వీలైనంత త్వరగా దించడం అలవాటైనవాళ్లకు, అసలు వాయిలే లేకుండా చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన రావడం సహజం. స్టెయిన్ కుటుంబానికే చెందిన రాబర్ట్ స్టెయిన్ 1827లో అలాంటి బట్టీకి రూపం ఇచ్చాడు. ఒక వైపు నుంచి పులిసిన ఊట పోతూ ఉంటుంది, ఇంకో వైపు నుంచి సారా వస్తూ ఉంటుంది. మధ్యలో ఆపడం, కడగడం, మళ్లీ నింపడం లేదు. బంధువు జాన్ హేగ్ 1824లో ఫైఫ్‌లో స్థాపించిన కేమరన్‌బ్రిడ్జ్‌లో ఈ బట్టీని పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో బ్రిటిష్ సేనలను నడిపిన ఫీల్డ్ మార్షల్ డగ్లస్ హేగ్ ఈ జాన్ హేగ్ కొడుకే. స్టెయిన్ యంత్రం పనిచేసింది గానీ దాని నిర్మాణం చిక్కుగా ఉండేది. తరచూ ఆపి శుభ్రం చేసుకోవాల్సి వచ్చేది. దాన్ని మరుగున పడేసిన మనిషి డిస్టిలర్ల ఇంట పుట్టినవాడు కాదు. డిస్టిలర్లను వెంటాడిన ఎక్సైజ్ అధికారి.

ఆయన పేరు ఈనియస్ కాఫీ. ఐర్లండ్‌లో ఎక్సైజ్ శాఖలో చిన్న ఉద్యోగంలో చేరి, ఆ దేశం మొత్తానికి ఇన్‌స్పెక్టర్ జనరల్ స్థాయికి ఎదిగాడు. 1810లో డోనెగల్‌లో దొంగ బట్టీల మీద దాడికి వెళ్లినప్పుడు జనం ఆయన మీద విరుచుకుపడ్డారు. తల పగిలింది, ఒంటి మీద బాయొనెట్ పోట్లు పడ్డాయి. బతికి బయటపడి మళ్లీ అదే ఉద్యోగం చేశాడు. ఎన్నో ఏళ్లు రకరకాల బట్టీల చుట్టూ తిరిగి, వాటి గొట్టాలు, మూతలు, దొంగదారులు అన్నీ చూసిన మనిషి. 1824లో రాజీనామా చేసి డబ్లిన్‌లో తానే డిస్టిలరీ నడిపాడు. 1830లో తన బట్టీకి పేటెంట్ తీసుకున్నాడు. పేటెంట్ స్టిల్ అన్నా, కాఫీ స్టిల్ అన్నా అదే.

ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో కాస్త ఆగి చూడాలి. గ్రెయిన్ విస్కీ రుచికి మూలం అక్కడే ఉంది.

పక్కపక్కన రెండు పొడవాటి స్తంభాలుంటాయి. ఒకటి ఎనలైజర్, రెండోది రెక్టిఫయర్. రెండింటిలోనూ నిలువునా అంతస్తులుగా చిల్లుల రాగి పళ్లాలు అమర్చి ఉంటాయి. చల్లటి ఊట ముందు రెక్టిఫయర్‌లో మెలికలు తిరిగిన గొట్టం గుండా కిందికి దిగుతుంది. గొట్టం చుట్టూ వేడి సారా ఆవిరి పైకి పోతుంటుంది. ఆవిరి చల్లబడుతుంది, ఊట వేడెక్కుతుంది. విడిగా ఊటను కాచడానికి బొగ్గు తగలేయక్కర్లేదు, ఆవిరిని చల్లార్చడానికి నీళ్లు పారబోయక్కర్లేదు. ఆ రెండు ఖర్చులను ఒకదానితో ఒకటి కొట్టేసిన తెలివి ఇది. వేడెక్కిన ఊటను ఎనలైజర్ పై అంతస్తులో పోస్తారు. అది పళ్లెం నుంచి పళ్లానికి దిగుతుంటే, అడుగు నుంచి నీటి ఆవిరి ఎదురెక్కి దానిలోని ఆల్కహాల్‌ను లాగేసుకుంటుంది. ఆ ఆవిరి రెక్టిఫయర్ అడుగుకు చేరి, అంతస్తు అంతస్తుకూ శుద్ధి అవుతూ పైకెక్కుతుంది. బరువైన నూనెలు, ఘాటైన పదార్థాలు కిందే నిలిచిపోతాయి. తేలికైనవి పైకి చేరతాయి. ఏ అంతస్తు దగ్గర సారాను బయటికి తీయాలో నిర్ణయించేది నడిపేవాడు. రుచి మీద అతని చెయ్యి పడేది ఆ చోటే.

పాట్ స్టిల్ నుంచి రెండోసారి కాచిన మాల్ట్ సారా సుమారు 70 శాతం ఆల్కహాల్‌తో వస్తుంది. కాఫీ స్టిల్ నుంచి 94 శాతం దాటి వస్తుంది. ఈ అంకె చూసే విమర్శకులు ఇందులో రుచేముంటుందని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. స్కాచ్ చట్టం ప్రకారం కాచిన సారా 94.8 శాతానికి తక్కువగా ఉండి తీరాలి. వాడిన ధాన్యం వాసన, రుచి సారాలో మిగలాలన్నది ఆ హద్దు ఉద్దేశం. పూర్తి శుద్ధి చేసిన న్యూట్రల్ ఆల్కహాల్ 96 శాతం దగ్గర ఉంటుంది. మధ్య తేడా ఒక శాతం పైచిలుకే. కానీ వాసనకు కారణమయ్యే పదార్థాలు సారాలో ఉండేదే అతి స్వల్పం, లక్షలో కొన్ని పాళ్లు. ఆ లెక్కలో ఒక శాతం చాలా పెద్దది. కొత్తగా తీసిన గ్రెయిన్ సారాను వాసన చూస్తే తీపి మొక్కజొన్న, అరటి, పచ్చిక, కొద్దిగా మీగడ తెలుస్తాయి. అది తేలిక, అంతే. ఖాళీ మాత్రం కాదు.

కాఫీ తన యంత్రాన్ని ముందు తోటి ఐరిష్ డిస్టిలర్లకు చూపించాడు. డబ్లిన్‌లోని పెద్ద సంస్థలు మొహం తిప్పుకున్నాయి. అప్పట్లో ప్రపంచంలో విస్కీ అంటే ఐరిష్‌దే పైచేయి. తమ భారీ పాట్ స్టిల్ విస్కీ మీద వాళ్లకు అంత ధీమా. జేమ్సన్‌లు, పవర్, రో సంస్థలు కలిసి 1870ల చివర ఏకంగా ఒక పుస్తకమే వేయించి, పేటెంట్ స్టిల్ సరుకును నోరులేని ‘సైలెంట్ స్పిరిట్’ అని దుమ్మెత్తిపోశాయి. తమ విస్కీ గురించి వాళ్లు చెప్పుకున్న గొప్ప నిజమే. కానీ ఆ పట్టుదలకు ఐర్లండ్ చెల్లించిన మూల్యం పెద్దది. తర్వాతి శతాబ్దంలో ఐరిష్ పరిశ్రమ కుదేలవడానికి ఇంకా కారణాలున్నా, ఇదీ ఒకటి.

స్కాట్లండ్ చేతులు చాచి తీసుకుంది. ఒకదాని వెంట ఒకటి చట్టాలు కూడా కలిసొచ్చాయి. 1846లో ధాన్యం దిగుమతి సుంకాల చట్టాలను రద్దు చేయడంతో విదేశీ మొక్కజొన్న చవకగా రేవుల్లో దిగింది. 1853లో ఒకే డిస్టిలరీకి చెందిన వేర్వేరు వయసుల మాల్ట్‌లను, సుంకం కట్టకముందే గోదాములో కలుపుకునే వీలు దొరికింది. గ్లాడ్‌స్టన్ ఆర్థిక మంత్రిగా ఉండగా 1860లో వచ్చిన స్పిరిట్స్ చట్టంతో మాల్ట్‌నూ గ్రెయిన్‌నూ కూడా అలా కలిపే అవకాశం వచ్చింది. ఎడిన్‌బరో వ్యాపారి ఆండ్రూ అషర్ ఈ వీలును అందరికంటే బాగా వాడుకున్నాడు. ఆయనే 1896లో సంగీత మందిరం కోసం ఎడిన్‌బరో నగరానికి లక్ష పౌండ్లు ఇచ్చాడు. ఇవాళ్టికీ అషర్ హాల్‌లో కచేరీలు జరుగుతున్నాయి. ఆ లక్ష పౌండ్ల వెనక గ్రెయిన్ విస్కీ వాటా ఎంతో ఊహించుకోవచ్చు.

బ్లెండ్‌లో గ్రెయిన్ చేసే పని మన విస్తట్లో అన్నం చేసే పనే. కూర ఘాటు, పులుసు పులుపు, ఊరగాయ కారం నాలుకకు హాయిగా అందేది అన్నంతో కలిసినప్పుడే. కూర బాగుందంటాం గానీ అన్నాన్ని ఎవరూ ప్రత్యేకంగా మెచ్చుకోరు. హైలాండ్స్ మాల్ట్ ఘాటును లండన్ పెద్దమనిషి భరించగలిగేలా చేసింది గ్రెయినే. అదే సమయానికి ఫ్రాన్స్ ద్రాక్షతోటలను ఫిలాక్సెరా పురుగు తినేసింది. కోన్యాక్ దొరకని ఇంగ్లిష్ ఇళ్లలోకి స్కాచ్ సోడాతో కలిసి ప్రవేశించింది.

1877లో లోలాండ్స్‌లోని ఆరు గ్రెయిన్ డిస్టిలరీలు – కేమరన్‌బ్రిడ్జ్, కార్స్‌బ్రిడ్జ్, కేంబస్, గ్లెనాకిల్, కర్క్‌లిస్టన్, పోర్ట్ డండస్ – కలిసి డిస్టిలర్స్ కంపెనీ లిమిటెడ్‌గా ఏర్పడ్డాయి. పొట్టిగా డీసీఎల్. గ్రెయిన్ ధరను ఈ ఒక్క కంపెనీ శాసిస్తుందని బ్లెండర్లు కంగారుపడ్డారు. 1885లో అషర్, శాండర్సన్, క్రాబీ వంటివారు కలిసి ఎడిన్‌బరోలో నార్త్ బ్రిటిష్ డిస్టిలరీ పెట్టుకున్నారు. ఇప్పుడు మళ్లీ ఉత్తర లండన్ కోర్టుకు వద్దాం. అక్కడ దుకాణదారుల పక్షాన ఖర్చు భరించింది ఈ డీసీఎలే. కేసు ఓడితే పోయేది తమ ప్రాణమని దానికి తెలుసు.

1906 ఫిబ్రవరిలో మేజిస్ట్రేట్ ఫోర్డమ్ తీర్పు చెప్పాడు. పేటెంట్ స్టిల్‌లో మొక్కజొన్నతో తీసిన సారా విస్కీ కాదు. దానికి కొంచెం మాల్ట్ కలిపినంత మాత్రాన విస్కీ అయిపోదు. పాట్ స్టిల్ డిస్టిలర్ల ఇళ్లలో పండగ, బ్లెండర్ల గుండెల్లో రాయి. అప్పీలు విన్న న్యాయస్థానంలో సభ్యులు సగానికి సగం చీలిపోయారు, తీర్పు రాలేదు.

ఈ గందరగోళం మధ్యలోనే డీసీఎల్ ఒక సాహసం చేసింది. తన కేంబస్ డిస్టిలరీ విస్కీని, ఏ మాల్టూ కలపకుండా, ఏడేళ్లు నిల్వ ఉంచిన గ్రెయిన్‌గా సీసాల్లో పోసి, డెయిలీ మెయిల్‌లో పెద్ద ప్రకటన వేసింది. గాలన్ తాగినా తలనొప్పి రాదన్నది నినాదం. ఈనాటి ఏ ప్రకటనల నిబంధనా ఆ మాటను ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. కానీ ఆ ప్రకటన వెనకున్న ఆత్మవిశ్వాసం నాకు నచ్చుతుంది. గ్రెయిన్‌ను దాని సొంత పేరుతో, దాని డిస్టిలరీ పేరుతో జనం ముందు నిలబెట్టిన గట్టి ప్రయత్నమది.

చివరికి ప్రభుత్వం 1908లో రాయల్ కమిషన్ వేసింది. అధ్యక్షుడు లార్డ్ జేమ్స్ ఆఫ్ హియర్‌ఫర్డ్. డిస్టిలర్లు, వైద్యులు, రసాయన శాస్త్రవేత్తలు, ఎక్సైజ్ అధికారులు వరుసగా వచ్చి సాక్ష్యం చెప్పారు. పాట్ స్టిల్ విస్కీ ఆరోగ్యానికి మంచిదని ఒకరు, పేటెంట్ స్టిల్‌లో మలినాలు తక్కువ కాబట్టి అదే మేలని ఇంకొకరు. 1909 జులైలో తుది నివేదిక వచ్చింది. ధాన్యాల పిండిని మొలకెత్తిన గింజలోని డయాస్టేజ్‌తో చక్కెరగా మార్చి, పులియబెట్టి, కాచినదేదైనా విస్కీయేనని, స్కాట్లండ్‌లో కాచినది స్కాచ్ అని కమిషన్ తేల్చింది. బట్టీ ఆకారం మీద ఆంక్ష లేదు. బ్లెండ్‌లో మాల్ట్ ఇంత ఉండాలన్న నియమం లేదు. కనీస వయసు కూడా పెట్టలేదు.

ఆ చివరి విషయంలో కమిషన్ పొరబడిందని నా అభిప్రాయం. ఆరేళ్లు తిరక్కుండానే యుద్ధం ఆ లోటు తీర్చింది. ఆయుధ కర్మాగారాల్లో తాగుడు తగ్గించాలని నాటి ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ పట్టుబట్టగా, 1915లో విస్కీని కనీసం రెండేళ్లు పీపాల్లో ఉంచాలన్న చట్టం వచ్చింది. మరుసటి ఏడాది అది మూడేళ్లయింది. తాగుడు తగ్గించడానికి తెచ్చిన నియమం విస్కీ నాణ్యతను పెంచింది. అన్నిటికన్నా ఎక్కువ మేలు జరిగింది గ్రెయిన్‌కే. గ్రెయిన్‌కు కావలసింది కాలం.

గ్రెయిన్ కేసు గెలిచింది, పేరు పోగొట్టుకుంది. విస్కీ అని ముద్ర పడ్డాక దాన్ని విడిగా సమర్థించాల్సిన అవసరం కంపెనీలకు లేకపోయింది. బ్లెండ్లు కోట్ల సీసాల్లో ప్రపంచమంతా వెళ్తుంటే, వాటిలో సగానికి మించి ఉన్న గ్రెయిన్ వెనక గదిలో ఉండిపోయింది. కేంబస్ 1914లో తగలబడి, దాదాపు పాతికేళ్ల తర్వాత గానీ మళ్లీ బట్టీ వెలిగించలేదు. 1993లో పూర్తిగా మూతపడింది. ఇప్పుడు ఆ చోట పీపాలు బాగుచేస్తున్నారు. కార్స్‌బ్రిడ్జ్ 1983లో, ఎడిన్‌బరోలోని కలెడోనియన్ 1988లో, గ్లాస్గోలోని పోర్ట్ డండస్ 2010లో మూతపడ్డాయి. డీసీఎల్‌ను స్థాపించిన ఆరింటిలో ఇవాళ విస్కీ తీస్తున్నది కేమరన్‌బ్రిడ్జ్ ఒక్కటే. ఏటా పది కోట్ల లీటర్లకు పైగా ఆల్కహాల్ తీయగల సామర్థ్యం దానిది. మరోవైపు కొత్తవీ పుట్టాయి. 1961లో హైలాండ్స్‌లో ఇన్వర్‌గార్డన్ మొదలైంది. గ్రెయిన్ కోసం డీసీఎల్ మీద ఆధారపడటం ప్రమాదమని గ్రహించిన విలియం గ్రాంట్ సంస్థ 1963లో గర్వన్‌లో సొంత డిస్టిలరీ కట్టుకుంది.

ఇంతకీ దీని రుచి ఏమిటి? మూడు నాలుగేళ్ల గ్రెయిన్‌ను తాగి అభిప్రాయం ఏర్పరచుకోవద్దు. ఆ వయసులో అది తీపిగా, పలచగా, కొంచెం కరుగ్గా ఉంటుంది. మాల్ట్ సారా తన సొంత బరువుతో పీపాలోకి దిగుతుంది. పదేళ్లకు పక్వమవుతుంది, పీపా మరీ బలమైనదైతే ముప్పై ఏళ్లకు కర్ర చేదు మింగేసే ప్రమాదం ఉంటుంది. గ్రెయిన్ తీరు వేరు. తేలికైన సారా కాబట్టి పీపా చెప్పేదంతా వింటుంది. ఎక్కువగా వాడేవి అమెరికాలో బర్బన్ నింపి ఖాళీ చేసిన ఓక్ పీపాలు. బర్బన్‌కు ప్రతిసారీ కొత్త పీపా కావాలని అమెరికన్ నియమం చెబుతుంది కనుక, 1930ల నుంచి పాత పీపాలు స్కాట్లండ్‌కు వెల్లువలా వస్తున్నాయి. కాల్చిన ఓక్ నుంచి వెనిలిన్, కొబ్బరి వాసననిచ్చే లాక్టోన్లు మెల్లగా సారాలోకి దిగుతాయి. ఇరవై ఏళ్లకు వెనిల్లా, కొబ్బరి, టాఫీ. ముప్పై, నలభై ఏళ్లకు తేనె, మాగిన అరటి, మీగడ, పాత చెక్క పెట్టె తెరిచినప్పుడు వచ్చే వాసన. పొగ ఉండదు, ఘాటు ఉండదు, నాలుక మీద పట్టులా సాగుతుంది. పీపాలో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. అలాంటి నలభై ఏళ్లు తట్టుకుని మిగిలిన గ్రెయిన్ నా దృష్టిలో స్కాచ్ ఇచ్చే గొప్ప రుచుల్లో ఒకటి. అదే వయసు మాల్ట్ ధరతో పోలిస్తే అది దొరికే ధర చాలా తక్కువ.

ధాన్యం మారినా రుచి కొంత మారుతుంది. బ్రిటన్ ఐరోపా ఆర్థిక సమాజంలో చేరాక బయటి మొక్కజొన్న మీద సుంకాలు పెరిగాయి. 1980లలో చాలా డిస్టిలరీలు గోధుమకు మారాయి. నార్త్ బ్రిటిష్ మాత్రం దశాబ్దాల పాటు మొక్కజొన్ననే అంటిపెట్టుకుంది. మొక్కజొన్నది వెన్న లాంటి మెత్తదనం, గోధుమది కాస్త పొడిగా తేలే తీపి.

ఫైఫ్ ప్రాంతపు జనం చాలాకాలం కేమరన్ బ్రిగ్ అనే సింగిల్ గ్రెయిన్‌ను తమ ఊరి విస్కీగా తాగుతూ వచ్చారు. బయటి ప్రపంచానికి అది తెలిసింది తక్కువే. 2000లో జాన్ గ్లేజర్ అనే అమెరికన్ కంపాస్ బాక్స్ సంస్థను పెట్టి, తొలి విస్కీగా పూర్తి గ్రెయిన్‌తో హెడోనిజం తెచ్చాడు. మాల్ట్‌తో మొదలుపెట్టి పేరు తెచ్చుకోవడం తేలికైన రోజుల్లో గ్రెయిన్‌తో మొదలుపెట్టిన ఆ మనిషికి మనం రుణపడి ఉన్నాం. 2014లో డేవిడ్ బెకమ్ పేరుతో, నీలం సీసాలో హేగ్ క్లబ్ వచ్చింది. సింగిల్ గ్రెయిన్ అనే మాటను లక్షలమందికి చేర్చింది. దాని వయసు సీసా మీద ఉండదు. వృద్ధ గ్రెయిన్ వైభవం అందులో వెతకొద్దు.

జపాన్‌లో మాత్రం కాఫీ స్టిల్‌కు ఎప్పుడూ గౌరవం తగ్గలేదు. జపాన్ విస్కీకి పునాది వేసిన తాకెత్సురు మసతాక స్కాట్లండ్‌లో చదువుకుంటున్నప్పుడు బోనెస్ గ్రెయిన్ డిస్టిలరీలో ఆ యంత్రాన్ని నడపడం నేర్చుకున్నాడు. 1963లో తన నిక్కా సంస్థ కోసం స్కాట్లండ్ నుంచి కాఫీ స్టిల్ తెప్పించాడు. మిగతావాళ్లు కొత్త యంత్రాలకు మారుతున్న రోజుల్లో ఈయన పాతదాన్ని కావాలని ఎంచుకున్నాడు, అందులో రుచి ఎక్కువ మిగులుతుందని.

ఇటీవలి చట్టంలో ఒక అన్యాయం కూడా చెప్పాలి. 2009 స్కాచ్ నిబంధనల ప్రకారం పూర్తిగా మొలకెత్తించిన బార్లీతో చేసినా, పాట్ స్టిల్‌లో కాచకపోతే అది మాల్ట్ కాదు, గ్రెయిన్. లాక్ లోమండ్ డిస్టిలరీ సరిగ్గా అలాంటి విస్కీ తీస్తుంది. ఆ నియమాన్ని వ్యతిరేకించింది, నెగ్గలేదు. 1909లో బట్టీ ఆకారం ముఖ్యం కాదన్నారు. వందేళ్లకు అదే ఆకారం పేరును నిర్ణయించింది. గ్రెయిన్ అనే గది మాత్రం దీంతో విశాలమైంది. ఇన్చ్‌డెయిర్నీ, ఆర్బికీ లాంటి కొత్త డిస్టిలరీలు రై ధాన్యంతో తీస్తున్న విస్కీలు కూడా ఈ పేరు కిందే వస్తున్నాయి.

మనకూ దీనితో నేరుగా సంబంధం ఉంది. స్కాచ్ విస్కీ అసోసియేషన్ లెక్కల్లో 2022లో ఫ్రాన్స్‌ను దాటి, పరిమాణంలో అత్యధికంగా స్కాచ్ దిగుమతి చేసుకున్న దేశం భారత్. 70 సెంటీలీటర్ల సీసాల లెక్కన 21.9 కోట్లు. అందులో ఎక్కువ భాగం బ్లెండ్లే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెళ్లి విందులో బ్లెండెడ్ స్కాచ్ గ్లాసు పట్టుకున్నవాళ్లు తాగుతున్నది, పాళ్ల లెక్కన, మాల్ట్ కన్నా గ్రెయినే. ఇంకో సంబంధం కూడా ఉంది. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే సరుకులో చాలావాటికి చెరకు మొలాసిస్ నుంచి తీసిన న్యూట్రల్ ఆల్కహాలే ఆధారం. ఐరోపాలో దాన్ని విస్కీ పేరుతో అమ్మనివ్వరు, అందులో ధాన్యం లేదు కనుక. విస్కీకి ధాన్యమే ఆధారమని 1909లో రాయల్ కమిషన్ గీసిన గీత ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

కాబట్టి విస్కీ అలవాటున్న పాఠకులకు నా మాట ఒక్కటే. అవకాశం దొరికితే, పాతికేళ్లు దాటిన సింగిల్ గ్రెయిన్ ఒక చిన్న పెగ్గు తీసుకోండి. సోడా వద్దు, ఐసు వద్దు, నాలుగు చుక్కల నీళ్లు చాలు. తొందరపడి మాల్ట్‌తో పోల్చకండి. ఇన్వర్‌గార్డన్, నార్త్ బ్రిటిష్, కేమరన్‌బ్రిడ్జ్, మూతపడిన కేంబస్ – ఏ పేరు దొరికినా సరే. ఆ తర్వాత మీ అభిప్రాయం రాసి పంపండి.

వచ్చే భాగంలో కొన్నేళ్లు వెనక్కి వెళ్దాం. 1898లో ఎడిన్‌బరో రేవు పట్టణం లీత్‌లో పాటిసన్ సోదరుల కంపెనీ కూలిపోయి, తనతో పాటు స్కాచ్ పరిశ్రమలో సగాన్ని ఎలా కుదిపేసిందో చూద్దాం.